చిన్న రాడ్డు, పెద్ద చదువు

ఆ రోజుల్లో మా కోనసీమలో మెకానికల్ డిప్లొమా పాసైనవాడికి కుట్టుమిషను నుంచి రైసుమిల్లు ఇంజను దాకా ప్రతిదాని జాతకమూ తెలిసి ఉంటుందని జనం నమ్మేవారు. జనం నమ్మితే పోనీలే, నేనూ నమ్మాను. చిక్కంతా అక్కడే వచ్చింది. చదువు ముగించుకుని, చొక్కా జేబులో టెస్టరు పెట్టుకుని (దాని అవసరం ఎప్పుడూ రాలేదు, కానీ నలుగురికీ కనబడాలి కదా) అమలాపురంలో మా మావయ్య కొబ్బరికాయల కొట్టుకు చేరాను. ఉద్యోగం దొరికేదాకా ఆయన పికప్ బండి బాగోగులు చూడమని అమ్మ పంపింది.

ఆ బండి వేలంలో కొన్న పాతది, నాలుగు చక్రాలూ లాగే రకం. మామూలు గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉండేది. దాన్ని వేస్తే వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలూ లాగుతాయి, తీసేస్తే వెనకవి మాత్రమే. బండి నడిపేది ఆయ్ బాబాయి. ఎవరేమన్నా అవునన్నట్టు ముందు "ఆయ్" అంటాడు కాబట్టి ఊరంతా కలిసి పెట్టిన పేరది. పద్దెనిమిదేళ్లుగా మావయ్య దగ్గరే ఉన్నాడు. ఎదుటివాళ్ల మాట కాదనడమంటే, విస్తరి ముందు కూర్చున్న మనిషిని లేపేసినంత తప్పని ఆయన నమ్మకం.

ఒకనాడు కాట్రేనికోన వైపు తోటలోంచి కాయలు తెస్తుంటే బండి బురదలో కూరుకుపోయింది. నా చదువు చూపించుకునే అదను దొరికింది. బాబాయి చెయ్యి వెయ్యకముందే చిన్న రాడ్డు నేనే వేశాను. బండి బుద్ధిగా బయటికొచ్చింది. తారు రోడ్డెక్కాక బాబాయి ఆ రాడ్డు మీద చెయ్యి పెట్టి, "దీన్ని తీసెయ్యమంటారాండీ, బాబుగారూ?" అని అడిగాడు. మళ్లీ వాన వచ్చేలా ఉందని, నేను చెప్పేదాకా దాని జోలికి వెళ్లొద్దని హుకుం జారీ చేశాను. "ఆయ్," అన్నాడు.

ఊళ్లోకి వచ్చి గడియార స్తంభం దగ్గర మలుపు తిరుగుతుంటే మొదలైంది చప్పుడు. ముందు చక్రాల దగ్గర కటక్, కటక్. స్టీరింగు బిగుసుకుపోయి, తిప్పడానికి బాబాయి సీట్లోంచి లేవాల్సి వచ్చింది.

నాలుగు రోజులు ఆ బండి కింద కాపురం చేశాను. చక్రాలను స్టీరింగుకు కలిపే కడ్డీల చివర కీళ్లు అరిగాయన్నాను. "ఆయ్," అన్నాడు బాబాయి. రాజమండ్రి నుంచి కొత్తవి తెప్పించి బిగించాం, చప్పుడు పోలేదు. అయితే చక్రాల బేరింగులే అన్నాను. అవే అయ్యుంటాయని దానికీ తలూపాడు. విప్పి, కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టాం. జాకీ మీద లేపి తిప్పితే కిక్కురుమనేది కాదు, దింపి రోడ్డెక్కించగానే మళ్లీ కటక్. ఈలోగా బాబాయి ఇంకోసారి మెల్లిగా, ఆ చిన్న రాడ్డు అలాగే ఉంచేద్దామా అని అడిగాడు. చప్పుడు ముందు చక్రాల్లో ఉంటే మధ్యలో రాడ్డు గొడవేమిటని నవ్వాను. (ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

కొట్టులో కాయలు గుట్టలు పడ్డాయి. రావులపాలెం నుంచి లారీవాళ్లు కబురు మీద కబురు పెడుతున్నారు. అయిదో రోజు పొద్దున్నే మావయ్య గుమ్మంలో నిలబడి, ఇంత చదివి తేల్చిందేమిటని అడిగారు. నాకు తెలియడం లేదని చెప్పడానికి నోరు రాలేదు. "మోటుగా నడిపితే ముందు భాగమంతా ఇలాగే దెబ్బతింటుంది, మావయ్యా," అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, ఆ బండి నడిపేది ఒక్కడే. ఆడలేక మద్దెల ఓడన్నమాట. మావయ్య మర్నాటి నుంచి రమ్మని కొత్త డ్రైవరుకు కబురు పెట్టి, సాయంత్రం తాళాలు అప్పగించి వెళ్లిపొమ్మని బాబాయికి చెప్పేశారు. పక్కనే నిలబడి అంతా విన్న బాబాయి "ఆయ్," అన్నాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు. అయినా మావయ్య దగ్గరికి వెళ్లి మాట వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం బాబాయి సీటు మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. అద్దం తుడిచాడు. మావయ్య చూస్తుండగానే నా వైపు తిరిగి, "షెడ్డులో పెట్టేసి వెళ్తానండీ. వెళ్లేముందు ఆ చిన్న రాడ్డు ఒక్కసారి తీసెయ్యొచ్చాండీ, బాబుగారూ?" అన్నాడు. నీ ఇష్టం అన్నాను. బండిని కొంచెం ముందుకీ వెనక్కీ ఆడించి, రాడ్డు తీసేసి, రోడ్డు మీద స్టీరింగు పూర్తిగా తిప్పి ఒక చుట్టు కొట్టాడు. చప్పుడు లేదు. రెండో చుట్టు కొట్టాడు. అప్పుడూ లేదు.

అప్పుడు వెలిగింది నాకు. బురదలో అయితే చక్రాలు జారి సర్దుకుంటాయి. గట్టి రోడ్డు మీద, మలుపులో, ముందు చక్రాలు తిరిగే దూరం వేరు, వెనక చక్రాలు తిరిగే దూరం వేరు. రెంటినీ ఒక్కటిగా కట్టేస్తే ఒకదాన్నొకటి గుంజుకుని కొట్టుకుంటాయి. ఈ ముక్క పుస్తకంలో ఉంది. పరీక్షలో రాశాను కూడా, మార్కులు బాగానే వచ్చాయి.

ఏం చేశావని మావయ్య అడిగారు. బాబాయి బండి దిగి, "బాబుగారు చెప్పినట్టే చేసేనండీ," అన్నాడు. మావయ్య నా భుజం తట్టి, కొత్త డ్రైవరును రావొద్దని కబురు పంపారు. తాళాలు బాబాయి జేబులోనే ఉండిపోయాయి. నేను నోరు విప్పాల్సిన సమయం అదే. విప్పలేదు. జేబులో టెస్టరు సర్దుకున్నాను.

కొన్నేళ్లకు, వేరే ఊళ్లో ఉద్యోగంలో కుదురుకున్నాక, సెలవుల్లో బాబాయి ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆయన బండి నడపడం మానేశాడు. బొండం కొట్టి చేతికిచ్చాడు. రాడ్డు సంగతి మొదటిరోజే తెలిసినవాడివి, నీ పని ఊడిపోతున్నా గట్టిగా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మూడుసార్లు అడిగేను కదండీ," అన్నాడు, అంతకంటే గట్టిగా మనిషన్నవాడు ఎలా చెబుతాడన్నట్టు.

అప్పటికి గాని నాకు నోరు పెగల్లేదు. "తప్పు నాది, బాబాయ్. మావయ్యతో ఆ రోజే చెప్పాల్సింది," అన్నాను.

బాబాయి కత్తి పక్కన పెట్టి, నా మొహంలోకి తీరిగ్గా చూసి, "ఆయ్," అన్నాడు.

ఆయన నాతో మనస్ఫూర్తిగా ఒప్పుకున్నది ఆ ఒక్కసారేనని నా అనుమానం. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయనకు వెంటనే వచ్చింది నవ్వు, నాకు కొంచెం ఆలస్యమైంది.