ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్, ఆపరేటరు నోటుపుస్తకం

ప్రభుత్వ శాఖల కంప్యూటర్ వ్యవస్థలు ఒకదానితో ఒకటి కలిసి పనిచేసేలా చూసే ఉద్యోగిని ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ అంటారు. ఆ పనికి ఏ నైపుణ్యాలు కావాలో రాయడానికి ఈ ఉదయం విజయవాడ నుంచి ఒక ఆర్కిటెక్ట్ వెంట ఉయ్యూరు దగ్గరి ధాన్యం కొనుగోలు కేంద్రానికి వెళ్లాను.

అక్కడ ఒక కౌలు రైతు ధాన్యం ఆగిపోయి ఉంది. పంట నమోదులో ఆయన పేరు, పొలం రికార్డులో యజమాని పేరు ఉండటంతో కంప్యూటరు ఒప్పుకోవడం లేదు. పైన మబ్బు పట్టింది. కేంద్రంలోని కంప్యూటర్ ఆపరేటరు సొరుగులోంచి ఒక నోటుపుస్తకం తీశారు. ఎవరి పొలం ఎవరు చేస్తున్నారో, ఏ యజమాని ఏ నంబరులో దొరుకుతారో అందులో రాసుకున్నారు. ఆర్కిటెక్ట్ చూడగానే మూసేశారు.

“మీరు చూడలేదనుకోండి మేడమ్. ఇది రూల్స్‌లో లేదండి.”

“మూయకండి. నాకు కావాల్సింది ఇదే,” అన్నారామె పుస్తకం అందుకుని, కుర్చీ లాక్కుంటూ.

“ముందు నా వడ్లు కానివ్వండమ్మా, తర్వాత తీరిగ్గా చదువుకుందురుగాని,” అన్నారు రైతు.

ఆమె నవ్వి పుస్తకం వెనక్కిచ్చారు. ఆపరేటరు అందులోని నంబరుకు, యజమానికి ఫోన్ చేసి ఓటీపీ తెప్పించాక కంప్యూటరు ఒప్పుకుంది. చినుకులు మొదలయ్యేలోపు బస్తాలు లారీ ఎక్కాయి. తర్వాత ఆమె గంటసేపు ఆపరేటరు పక్కన కూర్చుని, పుస్తకంలోని ప్రతి గడీ ఎందుకు గీశారో అడిగి రాసుకున్నారు. తప్పు పట్టరని నమ్మకం కుదిరాక ఆపరేటరు ఇంకో పుస్తకం కూడా తీశారు.

నేను రాసుకెళ్లిన నైపుణ్యాల జాబితాలో క్లౌడ్, డేటా భద్రత ఉన్నాయి. ఉద్యోగిని భయపెట్టకుండా అడగగలగడం అనే మాట లేదు. దాన్ని మొదట చేర్చాను.

మీ ఆఫీసులో కంప్యూటరు ఆగిన చోట పని నడిపిస్తున్నది ఎవరండీ?