కొనేవాళ్ళ తరఫు మనిషి

కొత్తపేట కాలేజీలో పాఠం ముగించి బయటికి వస్తుంటే నాన్న ఫోన్ చేశారు. "అక్క వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. మా మేనత్త ఆ మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు.

అత్తయ్య హైదరాబాదులో, బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆ తర్వాత అమలాపురంలో మాతోనే ఉన్నారు. బంధువుల్లో సగం మంది ఆవిడ పాలసీలు కట్టిస్తారనే అనుకునేవారు. మురమళ్ళ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "నాకూ ఓ మంచి పాలసీ చూద్దురూ" అని అడిగారు.

"నేను అమ్మేదాన్ని కాదండి బాబాయిగారూ. గోదాట్లో జనాన్ని దాటించే పంటు నడుపుకునేది కంపెనీవాళ్ళు. దానికి చిల్లు లేదు కదా, మోయలేనంత మందిని ఎక్కించలేదు కదా అని చూసేది మేమండి."

"ఆయ్, అయితే మీ పనే పెద్దదండి" అన్నారాయన.

ఏది కొన్నా దాని మీద అచ్చయిన ప్రతి అక్షరం చదివేవారు అత్తయ్య. ఆత్రేయపురంలో పూతరేకుల పెట్టె తిప్పి తిప్పి చూసి, "నెయ్యని రాసేరు, నెయ్యేనా అండి?" అని అడిగారు. కొట్టావిడ చిన్నబుచ్చుకుంది. "మీమీద అనుమానం కాదండి, అడగడం అలవాటైపోయింది" అని ఇంకో రెండు పెట్టెలు కొన్నారు.

నేను ఇంటర్ చదివేటప్పుడు నాన్న ఒక ప్రైవేటు బీమా కంపెనీకి ఏజెంటు. "ఒక్కసారి కడితే చాలు, బ్యాంకులో వేసుకున్నట్టే అని చెప్పండి" అని మేనేజరు నూరిపోశాడు. నాన్న నమ్మారు. ముమ్మిడివరం వైపు రొయ్యల చెరువుల రైతులకీ, భర్తలు గల్ఫ్‌లో ఉన్న ఆడవాళ్ళకీ అదే మాట చెప్పి పాలసీలు కట్టించారు. మరుసటి ఏడు మళ్ళీ కట్టమనీ, లేకపోతే కట్టింది పోతుందనీ నోటీసులొచ్చాయి. అందరూ వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. ఎవరూ తిట్టలేదు. నాన్నకు అదే ఎక్కువ బాధయింది.

అత్తయ్య సెలవుకి వచ్చినప్పుడు నాన్న మెల్లగా అడిగారు. "అక్కా, మీ ఆఫీసు నుంచి ఒక్క ఫోన్ చేయించవే. వీళ్ళ డబ్బులొచ్చేస్తాయి, నా ఏజెన్సీ ఉంటుంది."

"ఫోన్ చేస్తే నీవాళ్ళకొస్తాయిరా. మిగతా ఊళ్ళలో ఈ మాటే నమ్మినోళ్ళకి ఎవరు చేస్తారు?"

"మరేం చెయ్యమంటావు?"

"అందరి చేతా ఫిర్యాదు పెట్టించు. ముందు కంపెనీకి, పలక్కపోతే మా ఆఫీసుకి. నువ్వూ రాయి. ఏం చెప్పి అమ్మమన్నారో ఉన్నదున్నట్టు రాయి."

"నా పొట్ట నన్నే కొట్టుకోమంటావా?"

"అవున్రా" అన్నారు అత్తయ్య. "పిల్ల చదువు నేను చూసుకుంటాను. ఆ మాట మాత్రం నువ్వే చెప్పాలి."

నాన్న రాశారు. అందులో తమ్ముడున్నాడు కాబట్టి ఆ ఫైలు తన దగ్గరికి రాకూడదని అత్తయ్య పై అధికారికి ముందే చెప్పేశారు. నాన్న ఏజెన్సీ పోయింది. కొన్నాళ్ళు అక్కతో ముభావంగా ఉన్నారు, కొబ్బరి వ్యాపారంలోకి దిగారు. తనిఖీలు జరిగాక, మా వైపే కాదు, ఆ మాట చెప్పి అమ్మిన ప్రతిచోటా కంపెనీ డబ్బు వెనక్కివ్వాల్సి వచ్చింది. నాన్న ఆ రోజు తనే ఫోన్ చేశారు. "డబ్బులొచ్చేసేయే అక్కా" అంటే, అవతల అత్తయ్య అడిగిన మొదటి మాట "అందరికీనా?" అని.

ఇప్పుడు నేను కామర్స్ చెబుతున్నాను. కంపెనీల మీద ప్రభుత్వ నియంత్రణ ఎందుకన్న పాఠం వచ్చినప్పుడు, పుస్తకం తెరవకముందే ఈ సంగతి చెబుతాను. మా అత్తయ్య అని చెప్పుకునేటప్పుడు నా గొంతు కాస్త పెరుగుతుంది.

అత్తయ్య పోయిన మర్నాడు ముమ్మిడివరం నుంచి ఆటోల్లో జనం వచ్చారు. చాలామంది ఆవిడను ఎన్నడూ చూసినవాళ్ళు కాదు. నాన్నను ఎరగనివాళ్ళు మాత్రం వాళ్ళలో లేరు. అయినా ఆయన గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివారికీ చేతులు జోడించి, "నేను ఆవిడ తమ్ముణ్ణండి" అని చెబుతూనే ఉన్నారు.