కొబ్బరినీళ్లు తాగిన రైలింజన్

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలమేమీ కాదు లెండి, చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చి బుర్ర దాని వెనకాల పరుగెత్తడం మొదలుపెట్టిన రోజుల్లో, మా శంషాబాద్‌లో ఏ దుకాణం బోర్డు చూసినా విమానం బొమ్మే ఉండేది. పంక్చర్ షాపు మీద విమానం, కటింగ్ షాపు మీద విమానం, చికెన్ సెంటర్ మీద కోడి పక్కన విమానం (రెండింటికీ రెక్కలుంటాయి కాబట్టి కాబోలు). ఎయిర్‌పోర్టు పక్కనే పుట్టి పెరిగి, ఒక్కసారి కూడా విమానం ఎక్కని మేమంతా దాన్ని బోర్డులకెక్కించి తృప్తిపడేవాళ్లం. అలాంటి ఊళ్లో నేనొక్కడినే రైలు పెడతానని బయల్దేరాను. ఆ వయసులో మనిషికి బుద్ధి తక్కువ, ధైర్యం ఎక్కువ ఉంటాయంటారు. నా విషయంలో ఆ తక్కువది మరీ తక్కువ.

మా అక్క అప్పుడే ఎయిర్‌పోర్టుకు పోయే రోడ్డు మీద ఒక మల్గీ, అంటే దుకాణం గది, కిరాయికి తీసుకుని చాయ్ హోటల్ పెట్టబోతోంది. ఆ చుట్టుపక్కల కార్లు ఆపుకుని, బుకింగ్ ఎప్పుడొస్తుందా అని ఫోన్ల వంక చూస్తూ కూర్చునే క్యాబ్ డ్రైవర్లే గిరాకీ. నేను డిగ్రీ అయిందనిపించుకుని, రెండు ఉద్యోగాల్లో చేరి, రెండింటి నుంచీ గౌరవంగా బయటికొచ్చి (గౌరవంగా అన్నది నా మాట, బావ మాట వేరే) ఇంట్లో ఖాళీగా ఉన్నాను. బావ పనిచేసేది పక్కనే ఉన్న ఒక పార్సిళ్ల గోడౌన్‌లో. అక్కడ డబ్బాలకు టేపు వేసే పని నాకోసం ఎప్పుడో మాట్లాడి పెట్టాడు. ఒకసారి చూసి వచ్చాను కూడా. కిటికీ అన్నది లేదు, పొద్దస్తమానం టేపు చింపే చప్పుడు. ఆ చప్పుడు తలుచుకుంటేనే నాకు పళ్లు జివ్వుమనేవి. నాకు కావలసింది అక్క హోటల్లో గల్లాపెట్టె ముందున్న కుర్చీ. ఫ్యాను కింద, రోడ్డుకు ఎదురుగా, ఎంతో హుందాగా ఉండేదది.

ఆ కుర్చీ కోసమే రైలు పుట్టింది. "అక్కా, అందరి లెక్క మనం గూడ చాయ్ పెడితే ఎవలొస్తరు? మన హోటల్ల రైలు పెడదాం. చాయ్ వంటింట్లకెళ్లి రైలెక్కి బల్ల కాడికి పోతది" అన్నాను. అక్క స్టవ్ తుడుస్తున్నదల్లా ఆగి, "నడుస్తదారా?" అంది. "ఎందుకు నడ్వదు? రైలన్నాక నడ్వక ఏం జేస్తది?" అన్నాను. అప్పటిదాకా పేపరు చదువుతున్న బావ దాన్ని మడిచి పక్కన పెట్టాడు. "ఇగో బామ్మర్దీ, ఖుల్లాగ చెప్తున్న. హోటల్ తెరిచే నాటికి రైలు నడిస్తే నువ్వు గల్ల మీద కూసో. నడ్వకుంటే తెల్లారి నా బండెనక కూసో, గోడౌన్‌కు పోదాం." సరేనన్నాను. అక్క అంతకన్నా తొందర మనిషి. మర్నాడే పెయింటర్‌ను పిలిపించి, పొగ వదులుతున్న ఇంజన్ బొమ్మతో 'రైలు చాయ్' అని బోర్డు రాయించింది. వంటింటి కిటికీ నుంచి గోడ వెంబడి చివరి బల్ల దాకా వడ్రంగి చేత చెక్క కొట్టించింది. స్టేషన్ తయారైంది, పేరు పెట్టేశారు, రైలొక్కటే తక్కువ.

కొత్త రైలు ధర చూశాక ఫోను బోర్లా పెట్టి కాసేపు కళ్లు మూసుకున్నాను. ఇక పాతవే గతి అని తేల్చుకుని, ముందు మా ఊళ్లోనే పాత సామాన్ల దుకాణానికి పోయాను. అక్కడ ఒక నల్లటి ఇంజన్ దొరికింది. చేతిలోకి తీసుకుంటే చెయ్యి కిందికి పోయింది, అంత బరువు. మాది వ్యవసాయం చేసిన ఇల్లు. గుమ్మడికాయ దగ్గర్నుంచి గుండిగ దాకా మా వాళ్లు ఏదైనా చేత్తో ఎత్తి, బరువుంటేనే మంచిదంటారు. నేనూ ఎత్తాను, ముచ్చటపడ్డాను, కొన్నాను. ఇంటికొచ్చి వైరు కలిపితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. స్క్రూలు ఊడదీసి చూద్దును కదా, లోపల మోటారు ఉండాల్సిన చోట నిండా సిమెంటు! ఎవరో మహానుభావుడు షోకేసులో కదలకుండా నిలబడాలని పోయించుకున్నట్టున్నాడు. బావ దాన్ని రెండు చేతులతో ఎత్తి, "మంచిగుంది బామ్మర్దీ, గాలికి తలుపు కొట్టుకోకుంట పెట్టుకుందాం" అన్నాడు. ఈ రోజుకీ హోటల్ వెనక తలుపుకు అదే అడ్డం.

రెండోది ఫోన్‌లో దొరికింది. బాలాపూర్‌లో ఒకతను అమ్మకానికి పెట్టాడు, వీడియో కూడా పెట్టాడు. వీడియోలో రైలు ఎంత వయ్యారంగా పోతోందంటే, నేను అక్కకు చూపించి, పక్కింటావిడకు చూపించి, బావకు రెండుసార్లు చూపించాను. బండేసుకుని పోయి తెచ్చుకున్నాను. అతనికి తొందర పనేదో ఉందట, డబ్బాను చేతిలో పెట్టి గేటు వేసుకున్నాడు. ఇంటికొచ్చి పట్టాలు పరిచి పెడితే అదీ మౌనవ్రతమే. అప్పుడు ఆ వీడియోను పెద్దది చేసుకుని మళ్లీ చూశాను. రైలు ముందు సన్నగా, ఎండకు మెరుస్తూ, ఒక దారం! పక్క నుంచి ఎవరో గుంజుతున్నారు. నాకు కోపంతో చెవులు వేడెక్కిపోయి, వెంటనే అతనికి ఫోన్ చేశాను. "ఏందన్నా గిది? రైలు నడుస్తదంటివి?" అంటే, అతను ఏ మాత్రం తడుముకోకుండా, "వీడియోల నడిచింది గదా తమ్మీ, నువ్వే సూసినవ్ గదా!" అన్నాడు.

ఇక హోటల్ తెరిచే రోజు దగ్గరపడుతోంది. అన్నం తింటున్నా చెవుల్లో టేపు చప్పుడే. అప్పుడు దొరికింది మూడోది. సికింద్రాబాద్‌లో ఒక పెద్దాయన, కోస్తా వైపు మనిషి, ఇల్లు ఖాళీ చేస్తూ తన బొమ్మ రైళ్లలో ఒకటి అమ్ముతున్నాడు. మూరెడు పొడవు ఇంజన్, వెనక వెడల్పాటి పెట్టెలు, ఒక్కో పెట్టెలో చాయ్ గ్లాసు ఇమిడిపోతుంది. నా కళ్ల ముందే నడిపి చూపించాడు (దారం ఉందేమోనని నేను వంగి మరీ చూశాను, ఆయన ఏమీ అనుకోలేదు). "పాతదే గానీ ప్రాణమున్న బండి బాబూ. అప్పుడప్పుడూ ఒక చుక్క నూనె వేస్తే చాలు. తడి మాత్రం తగలనివ్వకండి, అది ఓర్చుకోలేదు" అన్నాడు. నేను బండి మీద పెట్టుకుని బయల్దేరుతుంటే, ఆయన గేటు దగ్గర నిలబడి, ప్లాట్‌ఫారం మీద ఊపినట్టుగా చెయ్యి ఊపాడు. నాకైతే కాదు, రైలుకే.

అది నడిచింది! వంటింటి కిటికీ నుంచి చివరి బల్ల దాకా, గ్లాసుతో సహా, చుక్క ఒలకకుండా నడిచింది. అక్క చప్పట్లు కొట్టింది. బావ చెక్క కిందికి వంగి చూసి, పైకి చూసి, "నడుస్తున్నదిరో!" అన్నాడు. ఆ సాయంత్రం నేను గల్లా కుర్చీ తుడిచి, దాని మీద కూర్చుని, వచ్చీపోయే కార్లను చూసుకుంటూ నా అంతటివాడు లేడనుకున్నాను. ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను.

తెల్లారి ప్రారంభం. డ్రైవర్లు పది గంటలకే వచ్చేశారు. అందరికన్నా ముందు పహాడీ షరీఫ్ నుంచి వచ్చే ఒకాయన. ఎప్పుడు పలకరించినా ఎయిర్‌పోర్టు క్యూలో తన నంబరెంతో చెబుతాడు కాబట్టి ఆయన్ను అందరూ క్యూ భాయ్ అనేవాళ్లు. నేను గ్లాసులు పెట్టి స్విచ్ మీద వేలు పెట్టానో లేదో, అక్క పళ్లెం పట్టుకుని వచ్చింది. పళ్లెంలో పసుపు, కుంకుమ, పూలదండ, నిమ్మకాయలు, కొబ్బరికాయ. "అక్కా, గిదెందుకే?" అన్నాను. "బండి పూజ జెయ్యొద్దా?" అంది. "ఇది కరెంటు బండి అక్కా! తడి తగలొద్దు!" అంటే, అక్క నన్ను జాలిగా చూసి, "గ్రైండర్ కరెంటుది గాదారా? దానికి జెయ్యలేదా? ఫ్రిజ్‌కు జెయ్యలేదా? మంచిగ నడుస్తలేవా?" అంది. డ్రైవర్లందరూ "అవునవును, పూజ చెయ్యకుంట బండెట్ల తీస్తరు" అని అక్క వైపే చేరిపోయారు. వాళ్ల కార్లన్నిటి ముందూ నిమ్మకాయలు వేలాడుతూనే ఉన్నాయి మరి, నా మాట ఎవరు వింటారు?

ఇంజన్‌కు పసుపు నీళ్లతో బొట్లు పెట్టింది. దండ వేసింది. చక్రాల కింద నిమ్మకాయలు పట్టవని, కోసిన బద్దలు పెట్టింది. ఆఖరికి ఆ కొబ్బరికాయను చెక్క అంచుకేసి ఒక్కటే దెబ్బ కొట్టింది. నీళ్లు నేరుగా పట్టాల మీద, ఇంజన్ నెత్తి మీద! "ఇగ ఒత్తు తమ్మీ" అంది. ఒత్తాను. దేవుడిని తలుచుకునే ఒత్తాను. ఇంజన్ నిమ్మబద్ద మీదికెక్కి ఒక్కసారి వణికి, చిటపటమని, పొగ గొట్టంలోంచి నిజమైన పొగ వదిలింది. "అరె వాహ్!" అని క్యూ భాయ్ లేచి నిలబడ్డాడు. "పొగ గూడా పెట్టిండ్రు భయ్యా! బొగ్గు ఇంజన్!" అందరూ చప్పట్లు. నాకు మాత్రమే తెలుసు, అది రైలు ఆఖరి ఊపిరని.

రెండు నిమిషాల్లో అందరికీ తెలిసిపోయింది. రైలు కదల్లేదు, చాయ్ చల్లారుతోంది, అక్క ముఖం చిన్నబోయింది. "నా చేతులతోనే ఖరాబ్ జేసిన్రా" అని మెల్లగా అంది. ఆ మాట వినేసరికి నాకు గోడౌన్ సంగతి మరుపుకొచ్చింది. పెద్ద బోర్డు రాయించుకుని, ఊరందర్నీ పిలుచుకున్న మనిషి, అందరి ముందూ పళ్లెం పట్టుకుని నిలబడిపోయింది. చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది. అప్పుడు బావ నా పక్కకు వచ్చి, బండి డిక్కీలోంచి తెచ్చిన పార్సిళ్లు కట్టే సుతిలి దారం ఉండ నా చేతిలో పెట్టాడు. "బాలాపూర్ వీడియో యాదికి లేదా? ముందొకటి కట్టు, వెనకొకటి కట్టు. జల్ది!" అన్నాడు. రైలు ఆగితే గెలిచేది ఆయనే. అయినా తెచ్చాడు.

ముందు కట్టిన సుతిలి పట్టుకుని నేను చివరి బల్ల కింద దూరాను. వెనక సుతిలి కొస వంటింటి కిటికీలో అక్క చేతిలో. నేను గుంజితే చాయ్ వస్తుంది, అక్క గుంజితే ఖాళీ గ్లాసు పోతుంది. మొదటి గ్లాసు సగం దూరం వచ్చిందో లేదో, బల్ల కింద క్యూ భాయ్ తలకాయ కనిపించింది. "భయ్యా, కింద ఏం జేస్తున్నవ్?" అన్నాడు. నిజం చెప్పాను. ఆయన పకపకమని నవ్వి, "ఇటు ఇయ్యి. నేను గూడా డ్రైవర్నే గదా!" అని సుతిలి లాక్కుని, జాగ్రత్తగా, బ్రేకులు వేస్తున్నట్టు ఆపి ఆపి గుంజి, చాయ్‌ను తన ముందుకు తెచ్చుకున్నాడు. ఇక చూడండి! "నేను గుంజుత" అంటే "నేను గుంజుత" అని డ్రైవర్లంతా లేచారు. "ఎయిర్‌పోర్టు కాడ క్యూ, గీడ గూడ క్యూనా?" అంటూనే వరసలో నిలబడ్డారు. రోజంతా మీటరు కోసం బండి నడిపేవాళ్లు, చాయ్ కోసం రైలు నడపడానికి ఒకరినొకరు తోసుకున్నారు. బుకింగ్ వచ్చినా ఒకాయన "ఆగు, నా నంబరొచ్చింది" అని కస్టమర్‌ను ఫోన్‌లోనే కూర్చోబెట్టాడు.

సాయంత్రానికి పాలు అయిపోయాయి. అక్క ముఖం వెలిగిపోతోంది. నేను కాలరు సర్దుకుని గల్లా కుర్చీ వైపు నడిచాను. చూస్తే అందులో అక్క కూర్చుని ఉంది, వెనక సుతిలి కొసను కిటికీ ఊచ మీంచి తెచ్చి కుర్చీకే కట్టేసుకుంది. "బావా, రైలు నడిచింది గదా" అన్నాను. "యాడ నడిచింది? గుంజిన్రు" అన్నాడు బావ. న్యాయం కోసం అక్క వైపు చూశాను. అక్క చిల్లర సర్దుకుంటూ, ఎంతో ప్రేమగా, "చాయ్ వాళ్లే గుంజుకుంటున్నరు, గ్లాసు నేను గుంజుకుంటున్న. మరి నువ్వేం జేస్తవ్ తమ్మీ?" అంది. రెండు రైళ్లు నడవకపోయినా నాకు ఆ కుర్చీ మీద ఆశ ఉండేది. మూడోది అందరికీ నచ్చేసరికి నాకు పనే లేకుండా పోయింది. తెల్లారి బావ బండెనక కూర్చున్నాను.

ఇప్పటికీ ఆ గోడౌన్‌లోనే ఉన్నాను. ఒక విభాగం నేనే చూసుకుంటున్నాను, నా కింద పనిచేసేవాళ్లున్నారు, టేపు చప్పుడు లేకపోతే తోచదు కూడా. డ్యూటీ అయ్యాక అక్క హోటల్‌కు పోతాను. ఇంజన్ చక్రాల సందుల్లో ఆనాటి పసుపు ఇంకా పోలేదు. చివరి బల్ల దగ్గర కూర్చుని నా చాయ్ నేనే గుంజుకుంటూ, ఆ గల్లా కుర్చీ వంక ఆశగా చూస్తూ నిలబడ్డ అప్పటి పిల్లగాణ్ని, అంటే నన్నే, తలుచుకుంటాను. పాపం, ఎంత నమ్మకమో వాడికి. వాడు పూర్తిగా పోలేదని మొన్ననే తెలిసింది. ఫోన్‌లో ఒక పాత రైలు కనిపిస్తే, 'గ్యారంటీగా నడుస్తుంది' అని రాసుంటే, ఆగలేక కొనేశాను. డబ్బా విప్పి, బల్ల మీద పెట్టి, స్విచ్ ఒత్తి, ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. గల్లా దగ్గర్నుంచి అక్క తలైనా తిప్పకుండా అంది: "సుతిలి ఆడనే మేకుకే ఉన్నది, కట్టుకో."