తాండూరు బావ పెట్టిన ట్రెబుల్

పోయిన నెల మా బావ కొత్త కారు కొనుక్కుని పాతది నాకు ఇచ్చేశాడు. బండికి ఏ పేచీ లేదు, ఒక్క స్పీకర్లు తప్ప. పాట పెడితే చాలు, చెవిలో సూది దింపినట్టు ఉంటుంది. తాళాలూ గజ్జెలూ వచ్చాయంటే పళ్ళు జివ్వుమంటాయి. సౌండు తగ్గిస్తే పాట వినపడదు, పెంచితే తల పగిలిపోతుంది. పోనీ సెట్టింగుల్లోకి వెళ్ళి ట్రెబుల్, అంటే ఆ సన్నటి కీచు శబ్దం, తగ్గిద్దామంటే పిన్ నంబరు అడుగుతోంది. అది బావకే తెలుసు. ఆయనేమో ఫోన్ ఎత్తడు. ఎప్పుడైనా ఎత్తినా "సరే సరే" అని పెట్టేస్తాడు.

అయితే నేను బయలుదేరింది స్పీకర్ల కోసమే అంటే అబద్ధమవుతుంది. తాండూరులో ఉన్న మా అక్క కొన్నాళ్ళుగా ఫోన్ చేసి ఒకటే మాట. "మీ బావ నాతోని మాట్లాడుడే బంద్ చేసిండు చెల్లె. పిలిస్తె పలుకడు. ఏం తప్పు జేసిన్నో చెప్పడు. కొన్ని దినాలు నీ దగ్గరికొచ్చి ఉంట." పాతికేళ్ళ సంసారంలో అక్క ఎన్నడూ అలా అనలేదు. అది విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. స్పీకర్ల వంకతో వెళ్ళి, అక్కను తెచ్చుకోవాలో, బావతో తగవు పెట్టుకోవాలో అక్కడే తేల్చుకుందామనుకున్నాను.

శనివారం పొద్దున్నే మెహదీపట్నం నుంచి బయలుదేరాను. చేవెళ్ళ, మన్నెగూడ మీదుగా వికారాబాద్ రెండు గంటల దారి. అక్కడక్కడ రోడ్డు పనులు జరుగుతున్నాయి, ఇంకో అరగంట కలుపుకోండి. మన్నెగూడ దగ్గర చాయ్ చెప్పాను కానీ సగం తాగి వదిలేశాను. పాట పెట్టాను, తీసేశాను, మళ్ళీ పెట్టాను. బావను ఏమని అడగాలో లోలోపల తయారుచేసుకుంటున్నాను, ఒక్క మాటా నాకే నచ్చడం లేదు.

వికారాబాద్ బస్టాండు దారిలో కార్లకు సీటు కవర్లు, స్పీకర్లు వేసే దుకాణాలు నాలుగైదు ఉన్నాయి. తొమ్మిదిన్నర దాటితే గానీ తెరవరు. సలీం భాయ్ అనే ఆయన దుకాణం ముందు ఆపాను. ఆయన లోపల కూర్చుని అర నిమిషం పాట విన్నాడో లేదో దిగిపోయాడు.

"గిది పాట గాదు మేడం, రంపం కోత. గీ చిన్న స్పీకర్లు జూడుండ్రి, సీదా మీ ముఖానికే గురి పెట్టినయి. ఎదురుంగ అద్దం. అద్దానికి తాకి మళ్ళ మీ మీదికే వస్తది."

ముందు అద్దం పక్కన ఉండే ఆ ట్వీటర్లను ఆయన పైకప్పు వైపు తిప్పాడు. వాటి జాలీల వెనక పల్చటి స్పాంజి అతికించాడు. డాష్‌బోర్డు మీద మందపాటి గుడ్డ పట్టా పరిచాడు. మొత్తానికి మూడు వందలు తీసుకున్నాడు. పదును కొంత చచ్చింది గానీ పూర్తిగా పోలేదు.

"మిగిలింది లోపల సెట్టింగుల ఉంది. ట్రెబుల్ ఫుల్ పెట్టిండ్రు. గట్ల ఎవ్వరు పెట్టుకోరు, ఎవరో జిద్దుకు పెట్టినట్టున్నరు" అన్నాడు సలీం భాయ్. అసలే మండుతున్న నాకు ఆ మాట చాలు. జిద్దు మనిషే, పట్టిన పట్టు వదలడు, అందుకే అక్కతో కూడా ఇలా ఉంటున్నాడు అనుకుని బండి తీశాను.

వికారాబాద్ దాటగానే అనంతగిరి గుట్టలు. జనం బళ్ళు పక్కకు పెట్టి ఫోటోలు దిగుతున్నారు. మీరు వెళితే తప్పకుండా ఆగండి, నేను మాత్రం ఆగలేదు. ధారూరు మీదుగా తాండూరు గంట పైచిలుకు. తాండూరు దగ్గరపడే కొద్దీ నాపరాళ్ళ లారీలు ముందు నడుస్తాయి, వాటిని దాటడం కష్టం. అద్దాలు ఎత్తి పెట్టుకోండి, దుమ్ము బాగా వస్తుంది. నేను హారన్ కొడుతూనే ఉన్నాను, ఎవరూ లెక్క చేయలేదు.

బావకు ఊరి చివర బండల పాలిషింగు యూనిట్ ఉంది. క్వారీల నుంచి వచ్చిన నాపరాళ్ళను అక్కడ కోసి, నున్నగా చేసి పంపుతారు. ఆ రోజు కరెంటు లేక ఆయన ఇంట్లోనే ఉన్నాడు. నేను గేటు దగ్గర నిలబడి బ్యాటరీ బెల్లు మూడు సార్లు కొట్టాను. హాల్లో కుర్చీలో కూర్చున్న బావ కిటికీలోంచి కనబడుతూనే ఉన్నాడు, కదల్లేదు. వంటింట్లోంచి అక్కే వచ్చి తలుపు తీసింది. "జూసినవా? గిట్లనే ఉంటడు" అంది మెల్లగా. నన్ను చూడగానే బావ మాత్రం ముఖం నిండా నవ్వుతూ లేచాడు. "ఏం మరదలా, చెప్పకుండ వచ్చినవ్? బండి మస్తుగ నడుస్తుందా?" కోపమున్న మనిషి నవ్వు కాదది. నాకు ఏమీ అర్థం కాలేదు.

జొన్నరొట్టె, కందిపప్పు తిన్నాక ముగ్గురం కారెక్కాం. బావ నా పక్కన, అక్క వెనక. యాలాల్ రోడ్డు మీద నడుపుతున్నాను. బావ పిన్ నంబరు కొట్టి సెట్టింగులు తెరిచాడు. నేను ట్రెబుల్ రెండు గీతలు తగ్గించానో లేదో అడ్డం పడ్డాడు.

"అరె, ఎందుకు తగ్గిస్తున్నవ్? మాటలే సమజైతలేవు."

ఒళ్ళు మండి మళ్ళీ పైదాకా తోశాను. అక్క రెండు చెవులూ మూసుకుంది. బావ హాయిగా వెనక్కి వాలి, "గిప్పుడు సాఫ్ ఉంది" అన్నాడు.

అదే సమయానికి ఆయన బెల్టు పెట్టుకోలేదని కారు టీ టీ మని మొత్తుకోవడం మొదలుపెట్టింది. బెల్టు పెట్టుకోమన్నాను. ఉలకలేదు. బండి పక్కకు తీసి పాట ఆపేశాను, ఇంజను ఆపలేదు. ఆ కూత ఒక్కటే కారంతా నిండిపోయింది.

"ఏమన్నా వినబడుతోందా బావా?"

"పాట బంద్ చేసినవ్ గద, ఏం వినవడ్తది?"

అక్కా నేనూ అద్దంలో ఒకరినొకరం చూసుకున్నాం. అక్క వెనక నుంచి, ఇంట్లో పిలిచే సన్నటి గొంతుతోనే "ఏమయ్యా" అంది. బావ రోడ్డు వైపే చూస్తున్నాడు. మళ్ళీ పిలిచింది. చూడలేదు. చివరికి భుజం తట్టింది. వెనక్కి తిరిగి, "ఏంది, ఎందుకేడుస్తున్నవ్?" అన్నాడు కంగారుగా.

కారు ఇంతసేపూ కూస్తోందనీ, అదీ అక్క పిలుపూ ఆయనకు వినబడటం లేదనీ నేనే గట్టిగా, ముఖంలోకి చూసి చెప్పాను. బావ చాలాసేపు నమ్మలేదు. బెల్టు పెట్టి తీసి, తీసి పెట్టి, స్క్రీను మీద వెలిగి ఆరే గుర్తు చూశాడు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పుకొచ్చాడు. యూనిట్‌లో పనివాళ్ళందరూ చెవుల్లో దూది పెట్టుకుంటారు. ఈయన ఒక్కడే ఏనాడూ పెట్టుకోలేదు. బండ పగలబోయే ముందు కోత మిషను గొంతు సన్నగా మారుతుందట, అది పట్టుకుని మిషను ఆపేస్తాడని ఈయనకు పేరు. "దూది పెట్టుకుంటె నాకెట్ల తెలుస్తది?" అన్నాడు. "ఏడాది సంది బండలు మస్తు పగులుతున్నయ్. కచ్చ రాయి పంపుతున్నరని క్వారీవాళ్ళను తిడుతున్న."

సాయంత్రం అక్క నాతో వచ్చింది, బావ కూడా వచ్చాడు. హైదరాబాదులో చెవి డాక్టరు పరీక్ష చేసి, మిషన్ల మోత సన్నటి శబ్దాలను తినేసిందనీ, పోయినవి తిరిగి రావనీ, ఉన్నవాటిని కాపాడుకోవాలనీ చెప్పాడు. చెవి మిషను పెట్టుకోమంటే బావ ఇంకా సణుగుతూనే ఉన్నాడు. అక్క ఇప్పుడు పక్కకు వచ్చి, చెయ్యి పట్టుకుని మాట్లాడుతుంది. అన్నాళ్ళు ఒకే ఇంట్లో ఇద్దరూ ఎంత ఒంటరిగా ఉన్నారో తలుచుకుంటే నాకిప్పటికీ మనసు నిలవదు. ఒక్క సలహా ఇస్తాను. ట్వీటర్లు తిప్పండి, పట్టా పరవండి, ట్రెబుల్ మధ్య గీతకు దించండి. కానీ మీ ఇంట్లో ఎవరికైనా ఆ కీచుదనమే హాయిగా ఉందంటే, స్పీకర్లను వదిలేసి ముందు ఆ మనిషిని వెనక నుంచి మెల్లగా పిలిచి చూడండి.