ట్రౌట్ చేపకి నా మీసం

లైబ్రరీలో ఫ్లై ఫిషింగ్ మీద, అంటే ఉత్తుత్తి పురుగుని ఎరగా వేసి చేపలు పట్టడం మీద, ఉన్న పుస్తకాలన్నీ చదివేశాను. అయినా వర్జీనియా కొండల్లోని ఒక ఏటికి మూడు వారాలు వెళ్ళి, మూడుసార్లూ ఒట్టి చేతులతోనే ఆష్‌బర్న్‌లోని ఇంటికి తిరిగొచ్చాను. "ఈసారి చేపతో ఫొటో పంపకపోతే ఆ గాలం ఎవరికైనా ఇచ్చేస్తా" అంది మా ఆవిడ.

నవంబరు చలిలో, మోకాలి లోతు నీళ్ళలో, పక్కన గాలం వేస్తున్న ఎర్ల్ అనే పెద్దాయనకి నా చదువు వినిపించాను. "ఈ కాలంలో ట్రౌట్ తినేది చిన్న నల్ల పురుగుల్నేనండీ. పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం చేప చదివిందా?" అన్నాడాయన. గాలానికి కట్టే ఉత్తుత్తి పురుగుల్ని ఆయన తన కుక్క బొచ్చుతో చేస్తాడట. "మా కుక్కది తెల్ల బొచ్చు. నల్లది కావాలంటే..." అంటూ నా మీసం వైపు చూశాడు.

"నాన్న బతికుండగా మీసం తీయకూడదండీ, మాలో."

"మీ నాన్నకి చేపలంటే పడదా?"

ఆయన జేబులోంచి చిన్న కత్తెర తీసిస్తే అందుకున్నాను. కత్తెర కొంచెం ఎడమవైపు ఎక్కువ తినేసింది. సరిచెయ్యబోతే కుడివైపు కూడా పోయింది. ఆ వెంట్రుకలతో ఎర్ల్ కట్టిచ్చిన పురుగుకి పదో నిమిషంలో ట్రౌట్ పడింది! చేపని పట్టుకుని ఆయన చేత ఫొటో తీయించుకుని, దాన్ని నీళ్ళలో వదిలేసి, ఏటి గట్టు మీదనుంచే ఆవిడకి పంపాను.

వెంటనే జవాబొచ్చింది. "చేప బాగుంది. పట్టుకున్నాయనెవరు?"