గచ్చు మీద గోనెలు

మా కొత్తింటి నల్లగచ్చు చూడ్డానికి ఈ రోజు మాడుగుల నుంచి మా అత్తవారు వచ్చారు. చోడవరంలో మా వీధి మొత్తానికి ఇదే మొదటి సిమెంటు గచ్చు. మొహం కనిపిస్తుందని మేస్త్రీ చెబితే పాలిష్ పట్టించి, పైన కొబ్బరినూనె కూడా రాయించాను.

పురిటికి వచ్చిన మా చెల్లెలు మాత్రం తన గది నుంచి పెరటి గుమ్మం దాకా గోనెలు పరుచుకుంది. వాళ్లు బస్సు దిగే వేళకి అవన్నీ మడిచి అటకెక్కించాను. "ఇంత నునుపు చేయించింది గోనెలు కప్పడానికా?" అని విసుక్కున్నాను కూడా. అది గోడ పట్టుకుని గదిలోకి వెళ్లిపోయింది.

వచ్చినవాళ్లు గచ్చును తెగ మెచ్చుకున్నారు. తెచ్చిన హల్వా తిని అందరూ మంచినీళ్లు తాగారు. చెల్లెలు గ్లాసు ముట్టుకోలేదు. భోజనంలో మజ్జిగా వద్దంది. సాయంత్రం వాళ్లు వెళ్లాక చూస్తే దాని పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఏటే, ఒంట్లో బాగోలేదా?" అన్నాను.

"బాగానే ఉంది అన్నియ్యా. నీళ్లు తాగితే పెరట్లోకెల్లాల కదా. గోనెలు తీసీసేవు. జారితే ఏటవుతాదోనని బయమేసింది" అంది, కడుపు మీద చెయ్యి వేసుకుని.

గోనెలు నేనే దించాను. మీ ఇంట్లోనూ ఇలాంటి గచ్చు ఉంటే, దాని మీద ఎవరెలా నడుస్తున్నారో ఓసారి చూసి చెప్పండి. మాది మాత్రం మేస్త్రీ చెప్పినట్టే వచ్చింది. వంగి గోనెలు పరుస్తుంటే నా మొహం స్పష్టంగా కనిపించింది. దాని మీదా ఒక గోనె వేసేశాను.