బూట్లు తడవని బొమ్మ

కార్టూన్‌తో రాజకీయ నాయకుడికి సిగ్గు తెప్పించవచ్చని నమ్మేవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉంటాడు. ఆ కార్టూన్ వేసినవాడు. నెల్లూరులో ఒక పత్రికకు ఇరవై ఏళ్లుగా బొమ్మలు వేస్తూ నేనూ ఆ భ్రమలోనే బతికాను.

మా విద్య ఏపాటిదో చెబుతాను. సాయంత్రం ఐదింటికి విలేకరి ఫోనుకు ఫొటో పంపుతాడు. ఆరున్నరకల్లా బొమ్మ ఎడిటర్ గారి బల్ల మీద ఉండాలి. ఊరు చూడక్కర్లేదు, మనిషిని అడగక్కర్లేదు. నాయకుడి ముక్కు మాత్రం కుదరాలి. ఆ ముక్కు కోసం నాలుగు కాగితాలు చించేవాణ్ణి. పేదవాడితో ఆ బాధ లేదు. వాడు నా దగ్గర ఎప్పుడూ తయారుగా ఉంటాడు. పైకి తేలిన పక్కటెముకలు, గోచీ, నుదుటి మీద రెండు చెమట చుక్కలు. రైతయినా వాడే, కూలీ అయినా వాడే, వరదలో కొట్టుకుపోయినా వాడే. ఇరవై ఏళ్లలో వాడికి ఒక చొక్కా తొడగాలని కూడా నాకు తోచలేదు.

రెండేళ్ల కిందట బోగోలు వైపు ఒక సముద్రపు పల్లె నుంచి అలాంటి ఫొటో ఒకటి వచ్చింది. ఆ పల్లెకు ఒక పక్క సముద్రం, ఒక పక్క ఏరు. ఏరు సముద్రంలో కలిసే చోటును వాళ్లు మొగ అంటారు. ఆ మొగ ఇసుకతో పూడిపోయి, పడవలు బయటికి పోలేక ఊరంతా అల్లాడుతోంది. దాన్ని చూడ్డానికి మా జిల్లా నాయకుడొకడు పడవలో వెళ్లాడు. లోతు లేక పడవ ఒడ్డుకు ఇవతలే ఆగింది. ఊరికి వచ్చిన పెద్దమనిషి కాళ్లు తడవనివ్వకపోవడం అక్కడి ఆచారం. ఒక మనిషి నీళ్లలోకి దిగి ఆయన్ను భుజాలకెత్తుకున్నాడు. ఫొటోలో తెల్ల చొక్కా, నల్ల బూట్లు, వాటి మధ్య ఒక తల.

ఇక నాకు పండగే. కింద నా గోచీవాడు వంగిపోయి నాలుక బయటపెట్టి రొప్పుతుంటాడు. పైన నాయకుడు ఛాతీ విరుచుకుని "మీ బరువంతా నేనే మోస్తున్నా!" అంటుంటాడు. ఎడిటర్ గారు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. నేను కాలరెగరేశాను.

తెల్లారి నాయకుడే ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను. పడీపడీ నవ్వాడు. ముక్కు భలే కుదిరిందన్నాడు. ఒరిజినల్ కావాలి, పటం కట్టించి హాల్లో పెట్టుకుంటానన్నాడు. పొడిచిన కత్తికి పొడిపించుకున్నవాడు పిడి చేయిస్తానంటే ఏమనాలి? ఛీ అనాలి. నేను మాత్రం థాంక్స్ చెప్పి, కాగితం మడత పడకుండా అట్టల మధ్య పెట్టి పంపాను.

వారం తిరక్కుండా ఆయన సభలో ఆ బొమ్మ పైకెత్తి చూపించాడు. ఇది తన కళ్లు తెరిపించిందన్నాడు. తోటి మనిషి భుజం ఇక జన్మలో ఎక్కనన్నాడు. జనం చప్పట్లు. మూణ్ణెల్లలో ఆ పల్లె రేవులో, లోతు ఉన్న చోటు నుంచి ఒడ్డు దాకా చెక్కల వంతెన వెలిసింది, రెండు పక్కలా కమ్మీలతో. మా పత్రిక "కార్టూన్ ఎఫెక్ట్" అని పెట్టెకట్టి వేసుకుంది. వంతెన ప్రారంభానికి నన్నూ పంపారు, ఫొటోలో నిలబడడానికి.

ఆ ఊళ్లో కాలు పెట్టడం నాకదే మొదటిసారి. నాయకుడు ఇంకా రాలేదు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక మనిషిని చూపించి, ఆయన్ను మోసింది ఇతనే అన్నారు. యాభై ఏళ్లుంటాయి. వెడల్పాటి ఛాతీ, ఇస్త్రీ చొక్కా. తేలిన ఎముకలూ లేవు, గోచీ లేదు. బొమ్మ వేసింది నేనేనని చెప్పాను, మెచ్చుకుంటాడనే. అతను వల పక్కన పెట్టాడు.

ఆ రోజు జరిగింది అప్పుడు చెప్పాడు. అంతకు ముందే అతని తమ్ముడి పడవ మొగ దగ్గర ఇసుక దిబ్బకు కొట్టుకుని తిరగబడింది. తమ్ముడి కాలు పోయింది. ఈసారి ఇంకెవరి ప్రాణం మీదకొస్తుందోనని ఊరు ఎన్ని అర్జీలు పెట్టినా దిక్కులేదు. అందుకే నాయకుణ్ణి ఎత్తుకుని సగం దూరం వచ్చాక మొలలోతు నీళ్లలో ఆగిపోయాడట. మొగ ఎప్పుడు తవ్విస్తావో చెప్తేనే అడుగేస్తానన్నాడట. పైనున్న పెద్దమనిషి అతని జుట్టు పట్టుకుని వేలాడుతూ, నెలలో ఇసుక తవ్వే మిషను పంపిస్తానని ఊరి దేవత మీద ఒట్టేశాడట. మా విలేకరి ఫొటో కొట్టింది సరిగ్గా ఆ నిమిషంలోనే.

అంతకు మించిన కార్టూన్ ఇరవై ఏళ్లలో నా చేతికి రాలేదు. దాన్ని చెడగొట్టి, దాని మీద ముక్కు చెక్కుకుంటూ కూర్చున్న మొనగాణ్ణి నేనే. "మిషను వచ్చిందా అన్నా?" అని అడిగాను.

"యాడొచ్చింది సార్. ఈ చెక్కలొచ్చినాయి," అన్నాడు. "మామూలుగా పోతే ఆయన ఆఫీసు గేటు కూడా దాటనియ్యరు మమ్మల్ని. మా భుజమెక్కినప్పుడే మా చేతికి చిక్కేది. నువ్వు దించేసినావు."

ఇంతలో డప్పులు మోగాయి. నాయకుడు వంతెన మీదుగా నడిచి వస్తున్నాడు. ఈ మనిషి అర్జీ పట్టుకుని నీళ్లలోకి దిగాడు. నడుం దాకా వెళ్లి చెయ్యెత్తాడు. కాగితం వంతెన చెక్కల దాకా కూడా అందలేదు. నాయకుడు కమ్మీ మీదుగా కిందికి చూసి నవ్వుతూ దండం పెట్టాడు. ఒట్టేసిన చెయ్యి అదేనేమో. తర్వాత నన్ను చూసి, ఫొటోకు రమ్మని పిలిచాడు.

వెళ్లాను. నా చెప్పులు కూడా తడవలేదు.